బొంగులో అన్నం: హరి రాయా ముందురోజు లెమాంగ్ కాల్చిన అనుభవం

అరకు వెళ్లొచ్చినవాళ్లకి బొంగు చికెన్ గురించి చెప్పక్కర్లేదు. మలేషియాలో మలయ్ వాళ్లు అలాంటి పచ్చి వెదురు బొంగులోనే అన్నం వండుతారు. దాని పేరు లెమాంగ్. రంజాన్ ఉపవాసాలు ముగిసి హరి రాయా పండుగ వస్తుందనగా, ముందురోజు పల్లెల్లో ఇంటి వెనక వరసగా బొంగులు నిలబెట్టి నాలుగైదు గంటలు కాలుస్తారు. నిలబెట్టి కాల్చడం అన్న మాట గుర్తుపెట్టుకోండి. బొంగుని నిప్పుల మీద పడుకోబెడితే అది లెమాంగ్ కాదు, బొగ్గు.

పేరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోటలకి పేరుపడ్డ బాగన్ దాతుక్ వైపు మన తెలుగువాళ్లు తాతముత్తాతల నాటినుంచి ఉన్నారు. పక్కింటి మలయ్ కుటుంబంతో కలిసి చాలా రాయాలకి ఈ పనిలో చెయ్యి వేశాను. ఇక్కడ రాస్తున్నవి ఆ లెక్కలే. లెమాంగ్ చెడితే అందరూ మంటనే తిడతారు. నేను చూసినంతలో మంట దగ్గర చెడేది తక్కువ. బొంగు ఎంచినప్పుడు, ఆకు వాడ్చినప్పుడు, బియ్యం నానబోసినప్పుడు జరిగిన తప్పే నాలుగు గంటల తర్వాత బొంగు చీల్చగానే బయటపడుతుంది.

ముందు బొంగు. ఏ వెదురు పడితే అది పనికిరాదు. ఇక్కడ బులుహ్ లెమాంగ్ అని ఈ వంట పేరే పెట్టుకున్న వెదురు ఉంది. దాని గోడ పలచన, కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం ఎక్కువ. గోడ పలచనైతేనే సెగ లోపలికి దిగుతుంది. మందపాటి వెదురు తెస్తే పైన మాడిపోతుంది, నడిమధ్య అన్నం పలుకుగానే ఉంటుంది. లోపలి వెడల్పు రెండు, రెండున్నర అంగుళాలు. అంతకంటే లావైతే మళ్లీ అదే బాధ, మధ్యకి వేడి అందదు. పొడవు మూరెడు ఉండాలి, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

వయసు కూడా చూడాలి. మరీ లేత వెదురు సెగ తగలగానే ముడుచుకుపోతుంది, పచ్చివాసన అన్నానికి పడుతుంది. ముదిరి ఎండినదైతే టప్‌మని పగిలి, పాలన్నీ నిప్పుల్లో పోతాయి. నిండు పచ్చగా, నీరు పట్టి, చేతికి బరువుగా ఉన్నదే ఎంచుకోవాలి. మంట పక్కన అంతసేపు నిలబడి కూడా బొంగు అంటుకోకపోవడానికి కారణం ఆ గోడలోని తడి, లోపలి పాలు. అందుకే కొట్టి తెచ్చిన రోజునో మర్నాడో వాడేయాలి. వారం ముందు చవగ్గా వచ్చిందని కొని షెడ్డులో పెట్టిన బొంగు పండుగనాటికి పగిలే బొంగు అవుతుంది.

కింద కణుపు ఉంచి, పై కణుపుకి దిగువన కోయాలి. అప్పుడు అడుగు మూసి, మూతి తెరిచి ఉన్న గొట్టం తయారవుతుంది. రంపంతోనే కోయండి. కత్తితో నరికితే అంచున కంటికి కనపడని చీలిక పడుతుంది, వేడికి అది కిందిదాకా పాకుతుంది. కోశాక నీళ్లు పోసి కాసేపు నిలబెట్టి చూడాలి. పురుగు తొలిచిన సన్న బెజ్జం ఉంటే అప్పుడే తెలుస్తుంది. కారేదాన్ని పక్కన పడేసి, మిగతావి లోపల బాగా కడిగి, తలకిందులుగా ఆరబెట్టాలి.

తర్వాత ఆకు. బొంగు లోపల అరటాకు పొర లేకపోతే అన్నం గోడకి అంటుకుపోయి ఊడిరాదు. దీనికి ముదురాకు పనికిరాదు. ఇంకా విచ్చుకోని సుడి ఆకు కావాలి, లేత ఆకుపచ్చగా, పట్టులా ఉండేది. నడిమి ఈనె తీసేసి, రెండు పక్కల రేకులూ వేరుచేసి, పూటంతా ఎండలో వాడ్చాలి. ఎండ లేకపోతే స్టవ్ మంట మీద అటూఇటూ ఆడించాలి. రంగు ముదిరి, నిగనిగలాడుతూ, మడిచినా పెటుక్కుమనకుండా ఉంటే సరిపోయినట్టు. వాడ్చని ఆకు చుట్టేటప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది గానీ లోపల చిరుగుతుంది. చిరిగిన ప్రతిచోటా అన్నం గోడకి కరుచుకుంటుంది.

ఆకుని లోపలికి ఎక్కించడం ఒక చిన్న విద్య. బొంగు కంటే పొడవైన సన్నటి వెదురు పుల్ల తీసుకుని ఒక కొసని నిలువుగా చీల్చాలి. ఆ చీలికలో ఆకు అంచు ఇరికించి, ఆకుని పుల్ల చుట్టూ బిగుతుగా చుట్టాలి. ఆ చుట్టని బొంగులోకి అడుగుదాకా దించి, పుల్లని వెనక్కి తిప్పుతూ పోతే ఆకు విచ్చుకుని గోడకి హత్తుకుంటుంది. అప్పుడు పుల్లని నెమ్మదిగా పైకి లాగేయాలి. గబుక్కున లాగితే ఆకు కూడా వచ్చేస్తుంది. ఆకు వెడల్పు బొంగు చుట్టూ ఒకసారి తిరిగి, రెండు వేళ్లంత ఒకదానిమీద ఒకటి పడేలా ఉండాలి. పొడవు మూతికి పైన బెత్తెడు మిగలాలి. వేళ్లు అలవాటు పడేదాకా పదిలో మూడు ఆకులు చిరుగుతాయి, అంచేత ఎక్కువే కోసి పెట్టుకోండి. ఆకు చిరిగిందన్న అనుమానం వస్తే లోపల ఇంకో పొర వేసెయ్యడమే మంచిది.

బియ్యం సంగతి. లెమాంగ్‌కి వాడేది పులుట్, అంటే వండితే బంకగా అతుక్కునే రకం. మన బియ్యపు గింజ కాస్త గాజులా ఉంటుంది, పులుట్ గింజ సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. అది దొరకలేదని మామూలు బియ్యం కలిపితే ముక్క కోయగానే పొడిపొడిగా రాలిపోతుంది. మూడు నాలుగు నీళ్లు కడిగి, కనీసం నాలుగు గంటలు నానబోయాలి. రాత్రంతా నానినా మంచిదే. ఆ తర్వాత జల్లెడలో వేసి అరగంట నీళ్లు ఓడనివ్వాలి. తడి గింజల మధ్య మిగిలిన నీరు కొబ్బరిపాలని పలచన చేస్తుంది. పాలు పలచనైతే అన్నం రుచీ చెడుతుంది, త్వరగా పులుస్తుంది.

నానడం ఎంత ముఖ్యమో 2022లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడు క్యాలెండర్లలో హరి రాయా మే 3 అని ఉంది. మే 1 ఆదివారం రాత్రి టీవీలో నెలవంక కనపడిందని, పండుగ రేపేనని ప్రకటించారు. దేశమంతా ఒక్కసారిగా వంటింట్లోకి పరుగెత్తింది. మేమూ తీరిగ్గా మర్నాడు కాలుద్దామనుకున్నవాళ్లమే. బొంగులు కోసి ఉన్నాయి గానీ బియ్యం నానబోయలేదు. గంటన్నర నానబెట్టి అర్ధరాత్రి మంట వేశాం. తెల్లవారి చీల్చి చూస్తే చుట్టూ మెత్తగా ఉడికింది, నడుమ పెన్సిలంత మేర పలుకు. ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి రాత్రి నెలవంక కనపడితే మర్నాడే పండుగ కాబట్టి, అప్పటినుంచి ఆ రోజు ఉదయమే పులుట్ నానుతుంది. పండుగ ఇంకో రోజు జరిగితే నీళ్లు వార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అందులో నష్టమేమీ లేదు.

ఇక కొబ్బరిపాలు, ఇక్కడి మాటలో సాంతాన్. కిలో పులుట్‌కి రెండు మూడు ముదురు కాయలు పడతాయి. కొట్టువాడి దగ్గర మిషన్ మీద కోరించుకుని, గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పిండితే, కిలో బియ్యానికి లీటరు, లీటరుంపావు పాలు రావాలి. చేతిని పాలలో ముంచి తీస్తే వేళ్ల మీద తెల్లటి పొర నిలవాలి, ఆ చిక్కదనం కావాలి. డబ్బా పాలు వాడితే కుదరదనను గానీ, ఆ వాసన రాదు. పిండిన పాలు ఇక్కడి ఉక్కకి కొన్ని గంటల్లోనే పులుపెక్కుతాయి కాబట్టి ముందురోజే పిండి పెట్టుకోకూడదు. బియ్యం ఓడుతుండగా పిండి, బొంగుల్లో పోసేయాలి. ఉప్పు కిలోకి రెండు టీ చెంచాలు, తలకొట్టి. దాన్ని బియ్యంలో కాదు, పాలలోనే పూర్తిగా కరిగించాలి.

ఉప్పు దగ్గరే ఒక చిక్కుంది. వండేవాళ్లందరూ ఉపవాసంలో ఉంటారు. చిటికెడు నాలుక మీద వేసి ఉమ్మేసినా తప్పులేదనేవాళ్లున్నా, చాలామంది ఆ జోలికే పోరు, కొలతనే నమ్ముకుంటారు. ఆ పూట రుచి చూసే ఉద్యోగం పక్కింటి తెలుగువాడిది. మాక్‌చిక్ గరిటెతో పాలు నా అరచేతిలో పోసి, "చూడు నాక్, చాలిందా?" అని నా ముఖంలోకే చూస్తుంది. (మాక్‌చిక్ అంటే పిన్నిలాంటి పిలుపు, నాక్ అంటే బిడ్డా అని.) పాలు నోట్లో పెట్టుకుంటే "కొంచెం ఎక్కువైందే" అనిపించాలి. అన్నం ఉప్పంతా లాగేసుకుంటుంది కాబట్టి పాలలో సరిపోయిన ఉప్పు అన్నంలో చప్పనైపోతుంది. రుచి చూడటం అయ్యాక నేనూ అక్కడ మంచినీళ్లు తాగను. నన్నెవరూ వద్దనలేదు, వాళ్లముందు నాకే గొంతు దిగదు. ఇంకో సంగతి, మా ఇంటి గిన్నె గరిటె ఏదీ ఆ వంటలోకి తీసుకెళ్లను. పాత్రలు వాళ్లవే, చేతులు మాత్రమే మావి.

బొంగులు నింపేటప్పుడు తొందరపడితే మొత్తం పాడవుతుంది. బియ్యం గుప్పెడు గుప్పెడుగా వదలాలి, మధ్యమధ్య బొంగు అడుగుని నేలకి మెల్లగా తట్టాలి. కర్రతో కూరకూడదు. కూరితే పాలు కిందికి దిగే దారి మూసుకుపోయి అడుగు బియ్యం ఎండుగా మిగిలిపోతుంది. మూతికి బెత్తెడు కింద ఆపాలి. పులుట్ ఉబ్బడానికి ఆ ఖాళీ కావాలి. పైన ఒక అంగుళం తేలేదాకా పాలు పోయాలి. పది నిమిషాల్లో మట్టం తగ్గుతుంది, మళ్లీ పోయాలి. మిగిలిన ఆకు కొసని లోపలికి మడిచి వదులుగా మూయాలి. బిగించి మూస్తే పాలు పొంగి ఆకుని బయటికి తన్నేస్తాయి. కిలో బియ్యం రెండు మూడు బొంగులకి సరిపోతుంది. అయిదు కిలోలు నానబోస్తే పన్నెండు బొంగులు సిద్ధం చేసుకోండి, పగిలేవాటికోసం ఇంకో రెండు.

మంట వేసే చోటు గాలివాటు చూసి ఎంచుకోవాలి. మోకాలెత్తుకి కాస్త కింద ఒక ఇనుపకడ్డీని అడ్డంగా కట్టి, బొంగుల్ని దానికి ఆనించి వరసగా, కొంచెం వాలుగా నిలబెడతారు. వాటికి జానెడు దూరంలో, వరస పొడవునా కట్టెలు పేర్చాలి. రబ్బరు చెట్టు కట్టె, రంబుతాన్ కొమ్మలు, కొబ్బరి డొక్కలు, ఏది దొరికితే అది. తడి కట్టె మాత్రం వద్దు, పొగ వాసన మూతిలోంచి పాలకి పడుతుంది. సాయంత్రం వాన ఎప్పుడైనా రావొచ్చు, పైన రేకు కట్టుకోకపోతే పని మధ్యలో ఆగిపోతుంది.

మొదటి గంటా గంటన్నర మంట కావాలి. మూతుల దగ్గర పాలు కుతకుతమని, అంచున నురగ కడుతుంది. పాలు పొర్లిపోతుంటే ఆ బొంగుని కాస్త వెనక్కి జరపాలి. పాలన్నీ బియ్యంలోకి ఇంకిపోయాక మంట తీసేసి, నిప్పుల సెగతోనే నడిపించాలి. పెద్ద మంట అలాగే ఉంచితే పక్కలు మాడి, ఆకు నల్లబడి, చేదు దిగుతుంది.

తిప్పడమే అసలు చాకిరీ. పావుగంటకోసారి ప్రతి బొంగునీ పావువంతు తిప్పాలి, అన్నీ ఒకే వైపుకి. లేకపోతే ఏది ఎంత తిరిగిందో పది నిమిషాల్లో మర్చిపోతారు. మేము బొంగు మూతి మీద బొగ్గుతో గీత పెట్టుకుంటాం, గీత ఎటు తిరిగిందో చూస్తే చాలు. పాక్‌చిక్‌కి (బాబాయిలాంటి పిలుపు) గీత కూడా అక్కర్లేదు, రంగు చూసి చెప్పేస్తాడు. పచ్చదనం పోయి ముందు పసుపు, ఆ తర్వాత గోధుమరంగు, అక్కడక్కడా నల్లమచ్చలు వస్తాయి. చుట్టూ ఒకే రంగు ఉంటే తిప్పుడు సరిగా పడినట్టు. వరస చివర్లో ఉన్న బొంగులకి సెగ తక్కువ కాబట్టి సగం దూరంలో వాటిని మధ్యకి, మధ్యవాటిని చివరకి మార్చాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

ఉడికిందని తెలిసేది ఎలా? మూతిలోంచి వచ్చే ఆవిరి తగ్గిపోతుంది. పైనున్న ఆకు గోడని వదిలి ముడుచుకుంటుంది. సన్నటి వెదురుపుల్ల అడుగుదాకా దింపితే, కొసకి తడి పాలు కాకుండా బంక మాత్రమే అంటుతుంది. కొబ్బరి కమ్మగా వేగుతున్న వాసన ముక్కుకి తగులుతుంది. మధ్యాహ్నం రెండింటికి మంట వేస్తే ఉపవాసం విడిచే వేళకి దింపొచ్చు.

దింపగానే చీల్చకూడదు. ముప్పావుగంట, గంట అలాగే నిలబెట్టి ఉంచితేనే అన్నం గట్టిపడుతుంది. వేడిమీద తెరిస్తే పాయసంలా జారిపోతుంది. ఆ తర్వాత మూతి దగ్గర కత్తి ఆనించి వెనకనుంచి కొడితే బొంగు నిలువునా రెండు చెక్కలవుతుంది. ఆకు చుట్టిన తెల్లటి దుంగలాంటి అన్నం చేతికొస్తుంది. ఆకుతోపాటే అంగుళం మందాన ముక్కలు కోసి, తినేటప్పుడు ఆకు ఒలుచుకోవాలి. కత్తికి కాస్త నూనె రాస్తే అంటుకోదు. కోసిన ముక్క అంచున లేతాకు పచ్చ దిగి, మధ్య మంచు తెలుపులో ఉంటే ఆ ఏడు లెమాంగ్ బాగా కుదిరినట్టు.

దీనికి జోడు రెండాంగ్, అంటే కొబ్బరిపాలలో ఇగిరేదాకా ఉడికించే మాంసం కూర. నిప్పుల దగ్గర ఒకళ్లు తిప్పుతుంటే లోపల రెండో పొయ్యి మీద అది ఉడుకుతుంటుంది. పేరాక్‌లో పేరున్నది రెండాంగ్ తోక్, నల్లగా, దాదాపు పొడిగా ఉంటుంది. ఎద్దు మాంసంతో అయితే మూడు నాలుగు గంటలు పడుతుంది. నేను అది తిననని వాళ్లకి తెలుసు, అందుకని వేరే బాణలిలో నాటుకోడి పెడతారు, గంటన్నరలో అయిపోతుంది. ఆ కొలత చెబుతాను. కిలోన్నర కోడికి పాతిక ఎండుమిరపకాయలు, పావుకిలో చిన్న ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండంగుళాల అల్లం, అంతే లెంగ్‌కువాస్ (మన మూలికల కొట్లలో దుంపరాష్ట్రం అంటారు), అయిదు నిమ్మగడ్డి మొదళ్లు రుబ్బుకోవాలి. వేయించి పొడికొట్టిన ధనియాలు, జీలకర్ర, సోంపు కలపాలి. మూడు కాయల పాలు, పులుపుకి రెండు ఆసం చెక్కలు (పుల్లటి కాయని కోసి ఎండబెట్టిన ముక్కలు), చిన్న బెల్లం ముక్క.

రెండాంగ్‌కి ప్రాణం కెరిసిక్. తురిమిన కొబ్బరిని నూనె లేకుండా సన్న సెగమీద ఇరవై నిమిషాలు, ముదురు గోధుమరంగు వచ్చేదాకా కలుపుతూనే వేయించి, వేడి చల్లారకముందే రోట్లో దంచాలి. దంచుతుంటే పొడి కాస్తా ముద్దయి, రోటి అంచున నూనె ఊరుతుంది. చల్లారాక దంచితే ఎంత దంచినా పొడిగానే ఉంటుంది. ఒక్క చారిక నల్లబడినా కూరంతా చేదెక్కుతుంది, అప్పుడు దాన్ని పారేసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారిలేదు. పాలు చిక్కబడ్డాకే కెరిసిక్ అయిదు పెద్ద చెంచాలు వేయాలి. ముందే వేస్తే అడుగంటుతుంది. చివరి పది నిమిషాల్లో సన్నగా తరిగిన పసుపు మొక్క ఆకు వేయాలి. నూనె పైకి తేలితే కంగారుపడొద్దు, అలా తేలాలి. ఉల్లి ముద్దలో నీరు మిగిలిపోయిన రెండాంగే మర్నాటికి పులిసేది.

బ్రిటన్‌లో 2018లో ఒక టీవీ వంటల పోటీలో ఒక న్యాయనిర్ణేత రెండాంగ్ కోడి తోలు కరకరలాడలేదని తప్పుపట్టాడు. రాజకీయాల్లో ఎడమొహం పెడమొహంగా ఉండేవాళ్లు కూడా మలేషియాలో ఆ రోజు ఒక్క గొంతుతో మాట్లాడారు. పాలలో గంటన్నర ఉడికిన కోడి తోలు ఎలా కరకరలాడుతుందో నాకూ అర్థం కాలేదు.

పండుగ ఉదయం మగవాళ్లు మసీదులో నమాజు ముగించుకుని, సమాధుల దగ్గరికి వెళ్లొచ్చాకే ఇల్లు చుట్టాలతో నిండుతుంది. చిన్నవాళ్లు పెద్దల చేతిని రెండు చేతులా అందుకుని, వంగి ముద్దుపెట్టి, "మాఆఫ్ జాహిర్ దాన్ బాతిన్" అంటారు. తెలిసి చేసినవీ, మనసులో అనుకున్నవీ, తప్పులన్నీ క్షమించమని. మీరు వెళ్లేట్టయితే చెప్పులు గడప బయట విప్పండి, ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. పెట్టింది వద్దనకండి, ఒక్క ముక్కయినా తినండి. ఆడవాళ్లు ముందుగా చెయ్యి చాపితే తప్ప మగవాళ్లు చెయ్యి ఇవ్వకూడదు, అరచెయ్యి గుండెల మీద పెట్టి తల వంచితే చాలు.

పక్కింటికి పంపే లెమాంగ్‌ని చీల్చకుండా బొంగుతోనే పంపుతారు. తెరవని బొంగులో మర్నాటి సాయంత్రం దాకా ఆగుతుంది, తెరిచాక ఆ పూటే. ఫ్రిజ్‌లో పెడితే రాయిలా అవుతుంది. అప్పుడు ఆవిరి మీద పావుగంట పెట్టుకోవాలి. మా ఇంట్లో మాత్రం మిగిలిన ముక్కల్ని పెనం మీద నాలుగు చుక్కల నూనెతో రెండు పక్కలా ఎర్రగా వేయించి, ఆవకాయ నంజుకుంటాం. మాక్‌చిక్ మనవలకి కూడా ఇప్పుడు అదే అలవాటైంది.